పాత మోటర్‌హోమ్ బాత్రూమ్‌కి వెచ్చదనం, గాలి: నా అనుభవం

మా మోటర్‌హోమ్, అంటే లోపలే ఇల్లులా ఉండే బండి, 1970ల నాటిది. చెక్క ఫ్రేము మీద అల్యూమినియం రేకు, మధ్యలో పలచటి ఇన్సులేషన్. లోపలి చెక్క అల్మరాలు, గుండ్రటి మూలల కిటికీలు చూసి ఇష్టపడి తీసుకున్నాం. చలికాలం వచ్చాక బాత్రూమ్ సంగతి బయటపడింది. ముందు గదిలో ఫర్నేస్ (గ్యాస్‌తో గాలిని వేడిచేసి పంపే పరికరం) వేడికి స్వెట్టర్ తీసేయాలనిపిస్తుంటే, బాత్రూమ్ తలుపు వేసుకోగానే వణుకు పుట్టేది. స్నానం అయ్యేసరికి గోడల మీద నుంచి నీళ్లు కారేవి. తువ్వాలు మర్నాటికి కూడా ఆరేది కాదు. సింకు కింద అల్మరా మూలల్లో నల్లగా బూజు. వీటన్నిటికీ తోడు ఫర్నేస్ ఆన్ అయిన ప్రతిసారీ మంచం దాకా వచ్చే వాసన.

చలి, చెమ్మ, బూజు, వాసన. చూడ్డానికి నాలుగూ వేర్వేరు సమస్యలు. విప్పి చూశాక తేలిందేమిటంటే, నాలుగింటికీ కారణం ఒకటే: ఆ గదిలోకి గాలి వచ్చే దారీ సరిగా లేదు, బయటికి పోయే దారీ సరిగా లేదు. వేడి డక్టు (ఫర్నేస్ నుంచి వెచ్చటి గాలి తెచ్చే గొట్టం) పని ఒకటి, వెంటిలేషన్ పని ఇంకొకటి అని విడదీసి చేస్తే రెండూ సగం సగమే పనిచేస్తాయి. ఇంత చిన్న గదిలో ఆ రెండూ ఒకటే పని. ఇలాంటి బండి చేతిలో ఉండి, ఇదే పనికి దిగబోయేవాళ్లకు ఉపయోగపడుతుందని ఎలా చేశానో వివరంగా రాస్తున్నాను.

డక్టుల జోలికి వెళ్లే ముందు ఫర్నేస్‌ని గ్యాస్ పరికరాలు తెలిసిన టెక్నీషియన్ చేత విప్పించి చూపించాను. ఈ ఫర్నేస్‌లలో ప్రొపేన్ ఒక మూసి ఉన్న లోహపు గదిలో మండుతుంది. దానికి కావలసిన గాలి బయటి నుంచే వస్తుంది, పొగ బయటికే పోతుంది. ఇంటి గాలి ఆ లోహపు గది చుట్టూ తిరిగి వేడెక్కి డక్టుల్లోకి వెళ్తుంది. ఆ లోహానికి తుప్పు పట్టి చిల్లు పడినా, పగులు వచ్చినా పొగ నేరుగా మనం పీల్చే గాలిలో కలుస్తుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉండొచ్చు, దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు. అందుకే పాత బండిలో డక్టు బాగు చేసి బాత్రూమ్‌కి ఎక్కువ గాలి పంపాలని అనుకునేవాళ్లు ముందు ఆ గాలి మంచిదో కాదో తేల్చుకోవాలి. మాది లోపల బాగానే ఉందని తేలింది. బ్లోయర్ బేరింగులు మార్చారు, బర్నర్ శుభ్రం చేశారు. గ్యాస్ లైనుకు సంబంధించిన ఏ పనీ నేను ముట్టుకోలేదు.

ఫర్నేస్ బట్టల అల్మరా కింద ఉంది. దాని నుంచి నాలుగు అంగుళాల డక్టులు ముందు గదికీ, మంచం వైపుకీ వెళ్తున్నాయి. బాత్రూమ్‌కి వచ్చేది మాత్రం మధ్యలో నుంచి చీల్చిన రెండు అంగుళాల గొట్టం. రెండు, నాలుగు అనగానే సగం గాలి వస్తుందిలే అనిపిస్తుంది. అలా రాదు. నాలుగు అంగుళాల గొట్టం అడ్డుకోత వైశాల్యం సుమారు 81 చదరపు సెంటీమీటర్లు, రెండు అంగుళాలది సుమారు 20. అంటే నాలుగో వంతు. పైగా గొట్టం సన్నబడేకొద్దీ గోడల రాపిడి ప్రభావం పెరుగుతుంది కాబట్టి ఆ నాలుగో వంతు కూడా రాదు. ఒకే ఫర్నేస్ నుంచి పెద్ద దారి, చిన్న దారి రెండూ ఉన్నప్పుడు గాలి సులువైన దారినే పోతుంది.

సింకు కింది అల్మరా అడుగు పలక తీసి టార్చి వేసి చూస్తే గొట్టం పరిస్థితి కనిపించింది. తీగ చుట్టు మీద పలచటి పొర ఉన్న పాతకాలపు ఫ్లెక్సిబుల్ డక్టు అది. షవర్ అడుగు తొట్టి పక్కన మలుపు దగ్గర నలిగిపోయి చపాతీలా అయింది. ఆ మలుపుకి ఇవతల కలిపిన చోట టేపు ఎండి రాలిపోయి, గొట్టం జారిపోయి ఉంది. ఫర్నేస్ ఇటు పంపుతున్న వేడి గాలి అంతా అల్మరా కింద ఖాళీలోకి పోతోంది. ఆ వెచ్చదనానికి ఎలుకలు అక్కడ గూడు కట్టుకున్నాయి. వాసన సంగతి అక్కడే తెలిసిపోయింది. మురుగు ట్యాంకుల గొట్టాలు వెళ్లేదీ ఆ ఖాళీలోంచే. బ్లోయర్ తిరిగిన ప్రతిసారీ అక్కడ ఒత్తిడి పెరిగి, ఆ గాలి చెక్క సందుల్లోంచి మంచం వైపు తోసుకొస్తోంది.

ఇంకో లక్షణం కూడా అప్పుడే అర్థమైంది. ఫర్నేస్ మంట వెలిగి, కాసేపటికి ఆరిపోయి, ఫ్యాను మాత్రం తిరుగుతూ, మళ్లీ మంట వెలిగేది. గది ఇంకా వేడెక్కకుండానే ఇలా జరిగేది. ఫర్నేస్ లోపల లిమిట్ స్విచ్ అని ఒకటి ఉంటుంది. వేడి గాలి బయటికి సరిగా పోలేక లోపల ఉష్ణోగ్రత హద్దు దాటితే అది మంటను ఆపేస్తుంది. సెయిల్ స్విచ్ అని ఇంకొకటి ఉంటుంది, బ్లోయర్ గాలి చాలినంత బలంగా లేకపోతే అసలు మంటే వెలగనివ్వదు. బ్యాటరీ డల్ అయినప్పుడు ఫ్యాను తిరుగుతుంది గానీ ఫర్నేస్ వెలగదు అని చాలామంది అనేది దీని వల్లే. మంట మాటిమాటికీ ఆగడం చూసి ఫర్నేస్ పాడైందనుకుని మార్చేసేవాళ్లున్నారు. దానికన్నా ముందు డక్టుల్లో ఎక్కడ అడ్డు పడిందో చూడటం మంచిది. ఫర్నేస్ మాన్యువల్‌లో ఎప్పుడూ తెరిచే ఉండాల్సిన డక్టు వైశాల్యం కనీసం ఎంతో రాసి ఉంటుంది. గదికో మూత పెట్టుకుని ఇష్టం వచ్చినట్టు మూసుకుంటూ పోతే లిమిట్ స్విచ్ దాని పని అది చేస్తుంది.

ఎలుకల గూడు తీసే పని తేలిగ్గా తీసుకోవద్దు. మాస్కు, చేతి తొడుగులు వేసుకుని, గూడును క్రిమినాశక ద్రావణంతో బాగా తడిపి, నానిన తర్వాతే తీశాను. పొడిగా ఊడిస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, దాంతో వచ్చే జబ్బులు చిన్నవి కావు. అలాగే ఆ కాలపు ఫర్నేస్ పెట్టె చుట్టూ ఉండే తెల్లటి పలకల్లో, గ్యాస్కెట్లలో, నేల టైల్స్‌లో ఆస్‌బెస్టాస్ అనే హానికరమైన నార పదార్థం ఉండే అవకాశం ఉంది. మా బండిలో అనుమానం వచ్చిన పలకను కోయకుండా, గీకకుండా చిన్న ముక్క ల్యాబ్‌కి పంపి, ఫలితం వచ్చేదాకా ఆ వైపు పని ఆపేశాను. ఆస్‌బెస్టాస్ లేదని తేలింది. ఉండి ఉంటే ఆ పని అలాంటివి తొలగించేవాళ్లకే అప్పగించేవాణ్ణి.

కొత్త డక్టు దారి వెయ్యడానికి ఎక్కువ సమయం ఆలోచనకే పట్టింది. నాలుగు అంగుళాల గొట్టం బాత్రూమ్ దాకా తీసుకురావాలి, షవర్ తొట్టి పక్కన అంత చోటు లేదు. చివరికి బట్టల అల్మరా అడుగున కొంత ఎత్తు వదులుకుని, అక్కడి నుంచి నేరుగా బాత్రూమ్ గోడలోకి తెచ్చాను. చెప్పుల అర ఒకటి పోయింది. అయినా పాత దారికన్నా కొత్తది పొట్టి, ఒకే ఒక్క మలుపు. ఆ మలుపులో కూడా ఫ్లెక్సిబుల్ గొట్టం వంచకుండా గట్టి లోహపు ఎల్బో వేశాను. ఫ్లెక్సిబుల్ డక్టు వాడేచోట దాన్ని పూర్తిగా సాగదీసి కావలసినంతకే కోయాలి. పొడవు మిగిలిందని ముడతలతో వదిలేస్తే, ఆ ముడతల్లో గాలి తన్నుకుని బలం పోగొట్టుకుంటుంది. వేలాడకుండా అక్కడక్కడా వెడల్పాటి పట్టీలతో కట్టాను. సన్నటి తీగతో బిగిస్తే అక్కడే నలుగుతుంది.

కలిపిన ప్రతిచోటా క్లాంపు బిగించి, పైన అల్యూమినియం ఫాయిల్ టేపు వేశాను. డక్ట్ టేపు అని దొరికే బట్ట టేపు వేడి డక్టులకు పనికిరాదు, జిగురు ఎండిపోయి రాలిపోతుంది. మా పాత గొట్టం ఊడిపోయింది దానివల్లే. తర్వాత గొట్టానికి ఇన్సులేషన్ తొడుగు వేశాను. చల్లటి ఖాళీలోంచి వెళ్లే డక్టులో వేడి దారిలోనే పోతుంది కదా. గ్యాస్ పూర్తిగా కట్టేసి, థర్మోస్టాట్‌ను ఫ్యాను మాత్రమే తిరిగే స్థానంలో పెట్టి, కలిపిన చోటల్లా వెలిగించిన అగరుబత్తి పొగ పట్టి చూశాను. పొగ నిటారుగా లేస్తే మంచిదే. పక్కకు చెదిరితే అక్కడ లీకు ఉన్నట్టు.

బాత్రూమ్‌లో గాలి వచ్చే జాలీ ఎక్కడ పెట్టాలనేది చాలా ముఖ్యం. పాతది నేలలో ఉండేది. నేల జాలీలోకి నీళ్లు, వెంట్రుకలు, సబ్బు నురగ అన్నీ చేరతాయి. కొత్తది గోడకి, నేల నుంచి ఒక జానెడు ఎత్తులో పెట్టాను. షవర్ చిందులు పడని మూల చూసుకున్నాను. పైకప్పు వెంటు ఎదురు మూలలో ఉంది కాబట్టి, కింద ఈ మూలలో వచ్చిన వెచ్చటి గాలి గదంతా అడ్డంగా దాటి ఆ మూలలో పైకి వెళ్తుంది. రెండూ ఒకేచోట ఉంటే వచ్చిన గాలి వచ్చినట్టే పైకి పోతుంది, మిగతా గది అలాగే చల్లగా మిగిలిపోతుంది.

డక్టు బిగించాక తలుపు తెరిచి ఫర్నేస్ వేస్తే గాలి బలంగా వచ్చింది. తలుపు మూస్తే తగ్గిపోయింది. జాలీ ముందు పట్టుకున్న టిష్యూ కాగితం తలుపు తెరిచినప్పుడు నిటారుగా ఎగిరి, మూసినప్పుడు కొద్దిగా ఊగి ఊరుకుంది. గదిలోకి గాలి తోస్తున్నాం, బయటికి పోయే సందు లేదు. లోపల కాస్త ఒత్తిడి పెరగ్గానే బ్లోయర్ గాలి ఇటు రావడం మానేసి వేరే డక్టుల్లోకి మళ్లిపోతుంది. ఈ బండి తయారుచేసినవాళ్లు తలుపు కింద గడప పట్టీ, దానికి రబ్బరు అంచు పెట్టి చాలా శ్రద్ధగా గాలి చొరకుండా మూశారు. ఆ శ్రద్ధే బాత్రూమ్‌ని చల్లగా ఉంచింది.

చెమ్మ విషయానికి వచ్చేసరికి కాగితం, పెన్ను తీసుకుని లెక్క వేశాను. నాకు ఈ పని మొత్తంలో బాగా నచ్చిన భాగం ఇదే. మా బాత్రూమ్ లోపలి కొలత సుమారు 2 ఘనపు మీటర్లు. 24 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక ఘనపు మీటరు గాలి మహా అయితే 22 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. అంటే గదిలోని గాలి మొత్తం కలిపి పట్టుకోగలిగేది 44 గ్రాములు. మూడు పెద్ద చెంచాల (టేబుల్‌స్పూన్ల) నీళ్లు కూడా కావు! షవర్ తిప్పిన కొద్దిసేపటికే ఆ హద్దు దాటిపోతుంది. ఆ తర్వాత పుట్టే ప్రతి గ్రాము ఆవిరీ ఏదో ఒక చల్లటి గోడ మీద నీరై తీరాలి. గది ఎంత వెచ్చగా చేసినా, గాలి మారకపోతే గోడలు కారడం ఆగదు.

ఇక బయటి గాలి సంగతి. బయట 5 డిగ్రీల చలి, వాన కురుస్తోంది అనుకుందాం. ఆ గాలి పూర్తిగా తడిసి ఉన్నా ఘనపు మీటరుకు దాదాపు 7 గ్రాముల ఆవిరే ఉంటుంది, చల్లటి గాలికి అంతకన్నా పట్టుకునే శక్తి లేదు. అదే గాలిని లోపలికి తెచ్చి 24 డిగ్రీలకు వేడిచేస్తే దాని సాపేక్ష ఆర్ద్రత (గాలి పట్టుకోగలిగిన ఆవిరిలో అప్పటికి ఉన్న వంతు) 30 శాతం దగ్గరకి పడిపోతుంది. అంటే ఇంకా 15 గ్రాములు మోసుకుపోగలదు. వాన రోజున కిటికీ తీస్తే తేమ లోపలికి వస్తుందని మా ఇంట్లో అందరం అనుకునేవాళ్లం. చలికాలం వానలో అది నిజం కాదు. చల్లటి గాలిని తెచ్చి, వేడిచేసి, తేమతో నింపి బయటికి పంపేయాలి. వేడి లేకపోతే గాలి తేమను పట్టుకోలేదు, గాలి మారకపోతే పట్టుకున్న తేమ బయటికి పోదు. డక్టూ ఫ్యానూ ఒకటే పని అని నేను మొండిగా చెబుతున్నది ఇందుకే.

బాత్రూమ్‌లో చిన్న గ్యాస్ హీటర్ ఒకటి పెట్టుకోమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. పొగగొట్టం లేని హీటర్‌ని ఆ గదిలో పెట్టడానికి నేను అస్సలు ఒప్పుకోను. ప్రాణానికి ప్రమాదం అన్నది మొదటి కారణం. రెండోది, ఒక కిలో ప్రొపేన్ మండితే సుమారు 1.6 కిలోల నీరు పుడుతుంది. పొగగొట్టం లేకపోతే ఆ నీరంతా ఆవిరి రూపంలో గదిలోకే వస్తుంది. తేమ పోగొట్టుకోవడానికి తేమ పుట్టించే వస్తువు పెట్టుకోవడం ఎందుకు?

తర్వాత పైకప్పు వెంటు పని. ఈ బండ్లలో వెంటు రంధ్రం సాధారణంగా 14 అంగుళాల చదరంగా ఉంటుంది, కొత్త ఫ్యానులూ అదే కొలతకు వస్తాయి కాబట్టి రేకు కోయాల్సిన అవసరం రాలేదు. పాతదానికి చేత్తో తిప్పి ఎత్తే ప్లాస్టిక్ మూత, మధ్యలో చిన్న ఫ్యాను. మూత ఎండకు పెళుసై చేత్తో తాకితే ముక్కలయింది. ఫ్రేము తీసి చూస్తే చుట్టూ ఉన్న చెక్క రెండు వైపులా మెత్తబడి స్క్రూడ్రైవర్ దిగిపోతోంది. పాత సీలెంట్ పగుళ్లలోంచి వాన నీరు దిగింది. పుచ్చిన చెక్క తీసేసి, మంచి చెక్క తగిలేదాకా కోసి, కొత్త ముక్కలు అతికించి, ఎండాకే ముందుకు వెళ్లాను. పాత బండిలో ఏ రంధ్రం చుట్టూ అయినా చెక్కను పొడిచి చూడకుండా కొత్త వస్తువు బిగించకండి. మెత్తటి చెక్కలో స్క్రూ పట్టదు, సీలెంట్ ఎంత పూసినా ఫ్రేము కదులుతుంది.

కొత్త ఫ్రేము కింద బ్యూటైల్ టేపు (రబ్బరులా మెత్తగా అంటుకునే పట్టీ) పరిచి, స్క్రూలు ఒకేసారి బిగించకుండా ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తూ వచ్చాను. పక్కలకి ఉబికిన టేపు తీసేసి, పైన కప్పులకు వాడే సాగే సీలెంట్ స్క్రూ తలలు మూసుకుపోయేలా వేశాను. సిలికాన్ వాడలేదు. దాని మీద తర్వాత ఇంకేదీ అంటుకోదు, మళ్లీ ఎప్పుడైనా మరమ్మతు చేయాల్సివస్తే గీకలేక నరకం. ఫ్యాను 12 వోల్టులది. పాత వైరు లాగిచూస్తే ఒకచోట పైతొడుగు పొడిపొడిగా రాలింది, అందుకే ఫ్యూజు దగ్గర నుంచి కొత్త వైరు లాగాను. ఫ్యూజు వైరు మందాన్ని బట్టి వేయాలి, ఫ్యాను పనిచేయడం లేదని పెద్ద ఫ్యూజు వేయడం మంటలకు దారి.

ఫ్యాను ఎంపికలో నేను చూసింది ఎంత వేగంగా తిరుగుతుందని కాదు, ఎంత నెమ్మదిగా తిరగగలదని. రెండు ఘనపు మీటర్ల గదికి ఈ 14 అంగుళాల ఫ్యానులు చాలా పెద్దవి. అతి తక్కువ వేగంలో కూడా గది గాలి నిమిషంలోపే మారిపోతుంది. ఎక్కువ వేగంలో పెడితే బండి మొత్తం వేడిని పైకప్పులోంచి పారబోసినట్టే, ఒళ్లు తడిగా ఉన్నప్పుడు ఆ గాలి విసురుకి చలి కూడా ఎక్కువ. తక్కువ వేగాలు చాలా ఉన్న ఫ్యాను తీసుకుని, చలికాలంలో అన్నిటికన్నా చిన్న వేగంలోనే నడుపుతున్నాం. గాలి ఎప్పుడూ బయటికి లాగేలాగే పెడతాం. లోపలికి లాగేలా తిప్పితే బాత్రూమ్ తేమంతా మంచం మీదికి తోసినట్టవుతుంది, కప్పు మీద పక్కనే ఉన్న ట్యాంకు గొట్టం వాసన కూడా దిగుతుంది.

ఇక మిగిలింది తలుపు. కొత్త బండి అయితే కింద కోసేయమనేవాణ్ణి. ఇది ఆ కాలపు చెక్క పొర అతికించిన తలుపు, పాడైతే ఇలాంటిది మళ్లీ దొరకదు. అందుకని తలుపు ముట్టుకోకుండా గడప పట్టీ తీసేసి, నేలకి పలచటి పట్టీ వేశాను. ఇప్పుడు తలుపు కింద 20 మిల్లీమీటర్ల సందు ఉంది. తలుపు వెడల్పు 56 సెంటీమీటర్లు, కాబట్టి సందు వైశాల్యం 112 చదరపు సెంటీమీటర్లు. డక్టు 81 కదా, దానికన్నా ఎక్కువే. షవర్ నీళ్లు బయటికి పోకుండా షవర్ తొట్టికి ఎలాగూ దాని అంచు దానికి ఉంది.

ఈ ఒక్క సందు రెండు పనులు చేస్తుంది. ఫర్నేస్ నడుస్తూ ఫ్యాను ఆగి ఉంటే, డక్టులోంచి వచ్చిన గాలి ఈ సందులోంచే బయటికి వెళ్తుంది, అందువల్ల గది వెచ్చబడుతుంది. ఫ్యాను నడుస్తుంటే గాలి ఇదే సందులోంచి లోపలికి వస్తుంది. స్నానం చేసేటప్పుడు కావలసింది రెండోది. ఫ్యాను లాగే గాలి డక్టు తోసే గాలికన్నా కాస్త ఎక్కువ ఉండాలి, అప్పుడే ఆవిరి హాల్లోకి రాదు. తెలుసుకోవడం సులభం, టిష్యూ కాగితం సందు దగ్గర పట్టుకుంటే అది లోపలి వైపు వాలాలి. బయటికి వాలుతుంటే ఫ్యాను ఒక మెట్టు పెంచాలి. ఆ గాలి అంతా చివరికి బయటి నుంచే రావాలి కాబట్టి ముందు వైపు కిటికీ రెండు వేళ్ల మందం తెరిచి ఉంచుతాం.

ఫర్నేస్ లోపలికి గాలి పీల్చుకునే జాలీ మా బండిలో బాత్రూమ్ తలుపు పక్కనే ఉంది. ఇంతకుముందు తలుపు తెరవగానే బయటికి వచ్చే ఆవిరిని అదే పీల్చుకుని బండంతా పంచేది. దాన్ని అల్మరా రెండో వైపుకి మార్చాను, కొలత తగ్గకుండా చూసుకున్నాను. బాత్రూమ్ లోపలి నుంచి ఫర్నేస్‌కి గాలి వెళ్లే సందు ఎక్కడా ఉండకూడదు.

వాసన పూర్తిగా పోవడానికి డక్టు ఒక్కటే చాలలేదు. మురుగు ట్యాంకు నుంచి కప్పు మీదికి వెళ్లే గొట్టం గోడ లోపల కలిపిన చోట వదులైంది, దాన్ని కొత్తగా అతికించాను. షవర్ కింది పీ-ట్రాప్‌లో (నీరు నిలిచి ట్యాంకు వాసనను ఆపే వంపు గొట్టంలో) నీరు ఎండిపోకుండా చూడాలి, బండి వాడకుండా వదిలేసి వచ్చినప్పుడల్లా ముందు ఒక చెంబు నీళ్లు పోస్తాం. ఇంకొకటి, కప్పు ఫ్యాను నడుస్తుండగా టాయిలెట్ ఫ్లష్ తొక్కితే ట్యాంకులోని గాలి పైకి వస్తుంది. ఫ్యాను ఎక్కడ నుంచైనా గాలి లాగాలి, దానికి ట్యాంకు మూత తెరుచుకోవడం సులువైన దారి. తలుపు కింద సందు వచ్చాక ఇది బాగా తగ్గింది. అయినా ఫ్లష్ చేసేటప్పుడు ఫ్యాను ఆపడం అలవాటు చేసుకున్నాం.

ఇదే లాగుడు ఇంకో ప్రమాదానికీ దారి తీయగలదు. పాత గ్యాస్ ఫ్రిజ్ వెనక మంట ఉంటుంది. దాని వెనక భాగానికీ ఇంటి లోపలికీ మధ్య అడ్డు సరిగా లేకపోతే, కిటికీలన్నీ మూసి ఫ్యాను వేసినప్పుడు ఆ పొగ లోపలికి రావచ్చు. మా ఫ్రిజ్ చుట్టూ ఉన్న సందులన్నీ చూపించి మూయించాను. కార్బన్ మోనాక్సైడ్ అలారం కొత్తది పెట్టాను. వీటికి గడువు తేదీ ఉంటుంది, మోగడం లేదంటే బాగుందని కాదు అర్థం. గ్యాస్ లీకు అలారం మాత్రం నేలకి దగ్గరగా ఉండాలి, ప్రొపేన్ గాలికన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు, కిందికే చేరుతుంది.

సింకు వెనక నీటి గొట్టాలు వెళ్లే సన్నటి ఖాళీకి కొత్త డక్టు నుంచి ఒక చిన్న రంధ్రం వదిలాను. పాత డక్టు లీకు వల్ల ఇన్నేళ్లూ ఆ గొట్టాలకి కాస్త వేడి అందుతుండేది. లీకు మూసేస్తే అవి గడ్డకట్టే ప్రమాదం ఉంది. నీరు గడ్డకడితే ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది, ప్లాస్టిక్ ఫిట్టింగులు అంత తట్టుకోవు. పాత బండిలో ఏదైనా బాగుచేసేముందు, ఆ లోపం వల్ల ఇంకేదైనా పని జరుగుతోందా అని కూడా చూడాలి.

మూలల్లో బూజు ఉన్న చోట గోడ పలక తీశాను. ఇన్సులేషన్ కిందికి జారి పైభాగం ఖాళీగా ఉంది. తడిసిన ఇన్సులేషన్ తీసేసి, చెక్క ఆరబెట్టి, బూజు శుభ్రం చేసి, నీరు పీల్చని ఫోమ్ పలకలు సందు లేకుండా అమర్చి అంచులకు టేపు వేశాను. 24 డిగ్రీల గదిలో ఆర్ద్రత 60 శాతం ఉంటే, 16 డిగ్రీల కన్నా కాస్త చల్లగా ఉన్న ఏ ఉపరితలం మీదైనా నీరు చేరుతుంది. అందుకే చల్లటి లోహపు స్క్రూ తలలు, కిటికీ ఫ్రేములు ముందు చెమర్చుతాయి. స్క్రూ తలలకు ప్లాస్టిక్ మూతలు పెడితే బాగా తగ్గింది.

ఇప్పుడు స్నానానికి పావుగంట ముందు ఫర్నేస్ వేసి, తలుపు మూసి ఉంచుతాం. గోడలు వెచ్చబడ్డాక కిటికీ కాస్త తెరిచి, ఫ్యాను చిన్న వేగంలో వేసి, అప్పుడు షవర్ తిప్పుతాం. అయిపోయాక గోడల మీది నీటిని రబ్బరు వైపర్‌తో కిందికి లాగేస్తాం. తొట్టిలోకి పోయిన నీటిని మళ్లీ ఆవిరి చేసి బయటికి పంపే ఖర్చు తప్పుతుంది, ఇది చాలా పెద్ద సాయం. ఫ్యాను ఇంకో అరగంట నడుస్తుంది. బాత్రూమ్‌లో వేలాడదీసిన తేమ మీటరు స్నానం అవగానే 90 దాటి చూపిస్తుంది, ఫ్యాను ఆపే సమయానికి 50ల్లోకి దిగుతుంది. తువ్వాలు రాత్రికే ఆరుతోంది. సింకు కింద అల్మరాలో ఈ చలికాలం బూజు రాలేదు.

ఒకటి మాత్రం మిగిలింది. షవర్ మీది ప్లాస్టిక్ గుమ్మటం ఒకే పొరది, బాగా చలిగా ఉన్న రోజుల్లో అక్కడి నుంచి ఇంకా చుక్కలు పడుతున్నాయి. దాని కింద అక్రిలిక్ పలక ఒకటి, మధ్యలో గాలి పొర ఉండేలా, తీసి పెట్టుకునే వీలుతో బిగించాలని కొలతలు తీసి పెట్టాను.